పదిమంది సేన

మహాభారతమున సేనలను లెక్కించు పద్ధతి యొకటి చెప్పబడినది. ఒక రథము, ఒక ఏనుగు, మూడు గుఱ్ఱములు, అయిదుగురు కాలిబంట్లు కలిసినచో దానికి 'పత్తి' యని పేరు. ఇది మన చేలలో పండు పత్తి కాదు. సేనలో మిక్కిలి చిన్న భాగము. మూడు పత్తులు ఒక సేనాముఖము. మూడు సేనాముఖములు ఒక గుల్మము. ఇట్లు మూడేసి రెట్లు పెరుగుచు గణము, వాహిని, పృతన, చమువు, అనీకిని యను భాగములు ఏర్పడును. పది అనీకినులు ఒక అక్షౌహిణి. అందు రథములు 21,870, ఏనుగులు 21,870, గుఱ్ఱములు 65,610, కాలిబంట్లు 1,09,350. అన్నియు కూడినచో 2,18,700 అగును. అట్టి అక్షౌహిణులు 18 కురుక్షేత్రమున నిలిచినవని కథ.

ఈ లెక్కను విన్నవారు అక్షౌహిణిని జ్ఞాపకముంచుకొందురు, పత్తిని మఱచిపోవుదురు. కాని పత్తి లేనిదే అక్షౌహిణి లేదు. మనము ఈ పాఠమున చెప్పుకొనబోవునది పత్తివంటి సేననుగూర్చియే. అది నెత్తురు చిందించు సేన కాదు. బొటనవ్రేలంత ఎత్తుగల ప్లాస్టిక్ బొమ్మలను ముక్కముక్కగా అతికించి, రంగులు వేసి, బల్లమీద నిలిపి ఆడుకొను సేన. అందలి యోధులు చరిత్రలోని వారు కానక్కఱలేదు. రాక్షసులు, యక్షులు, మాంత్రికులు, మృగముఖులు ఎవరైనను కావచ్చును. నేడు అనేక దేశములలో పిల్లలును పెద్దలును ఈ వినోదమును అభ్యసించుచున్నారు.

ఇది పరదేశపు వినోదమని తోచవచ్చును. కాని దీని మూలసూత్రములు మనకు క్రొత్తవి కావు. రథ గజ తురగ పదాతులను చిన్న పావులుగా మార్చి, పలకమీద యుద్ధము నడిపించిన చతురంగము భారతదేశమున పుట్టినది. క్రీస్తుశకము ఏడవ శతాబ్దమునాటికే అది మన దేశమున తెలిసిన ఆట. ఇక్కడినుండి పారశీకమునకు, అరబ్బు దేశములకు, పిదప ఐరోపాకు పోయి నేటి చదరంగ మయ్యెను. ఒక్కొక్క పక్షమున పదునారు పావులే. ఆ పదునారింటితో ఎన్ని వ్యూహములు పన్నవచ్చునో నేటికిని ఎవరును పూర్తిగా తేల్చలేదు.

మన గ్రామములలోని పులిజూదమును చూడుడు. రచ్చబండలమీదను, పాత గుడుల మంటపములలోని రాతిపలకలమీదను దాని గీతలు నేటికిని కనబడును. అందు సాధారణముగా ఒకవైపు మూడు పులులు, మఱియొకవైపు పదునైదు మేకలు. పులి మేకపైనుండి దుమికి దానిని చంపును. మేకలు పులిని చంపలేవు. కాని కలసికట్టుగా చుట్టుముట్టి దానిని కదలకుండ చేయగలవు. మూడింటికిని పదునైదింటికిని సమానమైన పోరు ఎట్లు కుదిరెను? ఒక్క పులి అయిదు మేకల పాటి యని ఆ ఆటను కల్పించినవారు ఎంచిరి. బలము వేరు, సంఖ్య వేరు. రెండింటిని తూకము వేసి సరిచూచుటయే న్యాయమైన ఆట. నేటి బొమ్మల సేనలకును ఇదియే ప్రాణము.

కొలది బొమ్మలతో మహాసేనను చూపుట కూడ మన సీమకు తెలిసిన విద్యయే. ధర్మవరమునకు చేరువనున్న నిమ్మలకుంట గ్రామమున తోలుబొమ్మలు చేయు కుటుంబము లున్నవి. ఆ గ్రామమునకు చెందిన దళవాయి చలపతిరావుగారికి 2020వ సంవత్సరమున భారత ప్రభుత్వము పద్మశ్రీ బిరుదమిచ్చి గౌరవించెను. తోలును శుభ్రపఱచి, పలుచగా చేసి, ఆకృతిని గీసి, చిన్న చిన్న రంధ్రములు పొడిచి, రంగులు వేయుదురు. చేతులను, కాళ్లను వేఱువేఱుగా కత్తిరించి కీళ్లవద్ద దారముతో బిగింతురు. తెరపై ఒకేసారి నిలుచునవి కొన్ని బొమ్మలే. వెనుక దీపము వెలుగగానే ఆ కొన్ని బొమ్మలలోనే ప్రేక్షకుడు లంకాపురమును, రావణుని పది తలలను, వానరసేన నంతటిని చూచును. తక్కినదానిని అతని ఊహ పూరించును.

ఇక పడమటి దేశముల సంగతి. 1824వ సంవత్సరమున ప్రష్యా దేశమున రైస్విట్జ్ అను యువసైనికాధికారి, దేశపటముమీద చిన్న దిమ్మెలను కదపుచు, పాచికలు వేయుచు యుద్ధమును అభ్యసించు పద్ధతిని తమ సేనాధిపతులకు చూపెను. అది సైనికుల శిక్షణకొఱకు పుట్టినది. దానిని అందఱి వినోదముగా ప్రచారము చేసినవారిలో ముఖ్యుడు ఇంగ్లండు దేశపు రచయిత హెచ్. జి. వెల్స్. అప్పటికి ఆ దేశమున బ్రిటెన్స్ అను సంస్థ, లోపల గుల్లగా ఉండు సీసపు సైనికులను పోతపోసి చౌకగా అమ్ముచుండెను. వెల్స్ ఆ సైనికులను నేలమీద నిలిపి, ఆటఫిరంగితో చిన్న కఱ్ఱముక్కలను పేల్చుచు, నియమబద్ధముగా ఆడు విధమును 1913వ సంవత్సరమున 'లిటిల్ వార్స్' అను పుస్తకమున వివరించెను.

సీసము బరువైనది, ఆరోగ్యమునకు హానికరమైనది కూడ. రెండవ ప్రపంచయుద్ధము ముగిసిన పిదప దాని స్థానమును క్రమముగా ప్లాస్టిక్ ఆక్రమించెను. 1959వ సంవత్సరమున ఎయిర్‌ఫిక్స్ అను బ్రిటిష్ సంస్థ చిన్న ప్లాస్టిక్ సైనికులను అమ్మ మొదలిడెను. 1954, 1955 సంవత్సరములలో వెలువడిన టోల్కీన్ మహాకథ 'ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్' చదివినవారికి చరిత్రలో లేని సేనలను కూడ బల్లమీద చూడవలెనను కోరిక పుట్టెను. 1971వ సంవత్సరమున అమెరికాలో గేరీ గైగాక్స్, జెఫ్ పెరెన్ అను ఇరువురు ప్రకటించిన 'చెయిన్‌మెయిల్' అను నియమావళిలో మాంత్రికులకును డ్రాగనులకును చోటు దొరకెను. 1983వ సంవత్సరమున ఇంగ్లండులోని గేమ్స్ వర్క్‌షాప్ సంస్థ 'వార్‌హామర్' అను ఆటను వెలువరించెను. అందు సేనలు పెద్దవి. వందలాది బొమ్మలను కూర్చువారును కలరు. కాని కాలక్రమమున చిన్న సేనల రుచి పెరిగెను. 2015వ సంవత్సరమున వచ్చిన 'ఫ్రాస్ట్‌గ్రేవ్' అను ఆటలో ఒక మాంత్రికుడు, అతని శిష్యుడు, ఎనిమిదిమందికి మించని బంట్లు. అనగా మొత్తము పదిమంది. మహాభారతపు పత్తిలోని లెక్కయు పదియే కదా!

ఇక ఈ బొమ్మలు ఎట్లు తయారగునో తెలిసికొందము. పాలిస్టైరీను అను ప్లాస్టిక్‌ను వేడిచేసి కరగించి, ఉక్కు అచ్చులోనికి మిక్కిలి ఒత్తిడితో ఎక్కింతురు. అది చల్లారి గట్టిపడగానే అచ్చును తెఱచి బయటికి తీయుదురు. కరగిన ప్లాస్టిక్ ప్రవహించిన కాలువలే ఒక చట్రమువలె మిగులును. తలలు, మొండెములు, చేతులు, కత్తులు, డాళ్లు ఆ చట్రమునకు కాయలవలె అంటుకొని యుండును. వానిని త్రుంచి సేనగా కూర్చుట కొన్నవారి పని.

ముక్కలను చేతితో విఱువరాదు, విఱిచినచో చీలిపోవును. చిన్న కటింగ్ ప్లేయరుతో కొంచెము ఎడముగా కత్తిరించి, మిగిలిన మొటిమను చాకుతో చెక్కివేయవలెను. చాకు అంచు ఎల్లప్పుడును మన దేహమునకు దూరముగా కదలవలెను. పెద్దవారు దగ్గఱ నుండవలెను. అచ్చు రెండు భాగములు కలిసినచోట ముక్కపై సన్నని గీత పడియుండును. దానిని గరుకు కాగితముతో రాచి తొలగింపవలెను. ఈ పని విసుగు పుట్టించును. కాని విడిచిపెట్టినచో రంగు వేసిన పిదప ఆ గీత మొగముమీది గాటువలె అందఱికిని కనబడును.

తరువాత అతుకుట. ఇందుకు వాడు జిగురు కాగితములను అంటించు బంకవంటిది కాదు. అది ప్లాస్టిక్ పైపొరను కరగించును. రెండు ముక్కల పొరలును కలిసి, జిగురు ఆవిరియైపోయి, రెండును ఒకే ముక్క యగును. కావున బొట్టు చాలును. దాని వాసన మంచిది కాదు. కిటికీ తెఱచి, గాలి ఆడుచోట కూర్చుండి పనిచేయవలెను.

కొండపల్లి బొమ్మలు చేయువారి పనితనముతో దీనిని పోల్చి చూడుడు. వారును తెల్లపొణికి కఱ్ఱతో అవయవములను వేఱువేఱుగా చెక్కి, చింతగింజల పొడియు రంపపు పొట్టును కలిపిన మక్కుతో అతుకుదురు. అంబారీ ఏనుగైనను, తాడిచెట్టైనను అట్లు ముక్కలుగా పుట్టి ఒక్కటిగా నిలిచినదే. పిదప సున్నపు పూత పూసి, ఆ తెల్లని నేలమీద రంగులు దిద్దుదురు. ప్లాస్టిక్ బొమ్మకును అట్టి మొదటి పూత అవసరము. అది లేనిచో రంగు నిలువక, గోరు తగిలినంతనే ఊడిపోవును.

రంగులు వేయుటలో మూడు మెట్లు కలవు. మొదట నీటితో పలుచనచేసిన రంగును రెండు సన్నని పూతలుగా వేయవలెను. ఒక్కటే మందపు పూత వేసినచో కన్నులు, వ్రేళ్లు పూడిపోవును. తరువాత మిక్కిలి పలుచని ముదురు రంగును బొమ్మ అంతటను పాఱించవలెను. అది బట్టల ముడుతలలోనికి, కవచపు సందులలోనికి దిగి నీడలవలె నిలుచును. చివరకు కుంచెకు లేతరంగు అంటించి, గుడ్డతో దాదాపు పూర్తిగా తుడిచివేసి, ఆ పొడికుంచెతో ఎత్తైన భాగములపై మెల్లగా రాయవలెను. గడ్డపు వెండ్రుకలు, కత్తి అంచులు, మడతల శిఖరములు వెలుగును పట్టుకొన్నట్లు మెఱయును. అంతవఱకు ప్లాస్టిక్ ముక్కయైనది అప్పుడు ఒక పాత్ర యగును.

సేనకు కథ కూడ కావలెను. కడప సీమలోని రాయచోటి బాలుడు పరదేశపు కథకై వెదకనక్కఱలేదు. ఆ ఊర ప్రసిద్ధమైన వీరభద్రస్వామి ఆలయ మున్నది. దక్షయజ్ఞ కథను అక్కడి పిల్లలు వినియే యుందురు. సతీదేవికి జరిగిన అవమానమునకు కోపించి శివుడు వీరభద్రుని సృష్టించుట, అతడు ప్రమథగణములతో బయలుదేఱి యజ్ఞశాలను ధ్వంసము చేయుట ఆ కథ. ప్రమథులు ఒక్కరీతివారు కారు. కొందఱు పొట్టివారు, కొందఱు మహాకాయులు, కొందఱు మృగముఖులు. ఇంతకంటె చక్కని ఊహాసేన ఏ దేశపు కథలో దొరకును?

ఇచ్చట కిట్‌లోని ముక్కలు ఎంతయో ఉపయోగపడును. ఒక చట్రములోని తలను మఱియొక చట్రములోని మొండెమునకు అతికింపవచ్చును. ఎద్దుతలను బంటు భుజములపై నిలుపవచ్చును. జాతరలో కొన్న ప్లాస్టిక్ పులిబొమ్మను యోధునికి వాహనముగా చేయవచ్చును. తల మార్చుట మన పురాణములకు క్రొత్త కాదు. ఆ దక్షునికే చివరకు మేకతల అతికింపబడెను కదా!

పత్తి లెక్కనే అనుసరించి ఒక సేనను కూర్తము. రథమునకు బదులు నాయకుడు ఒక్కడు, ఏనుగునకు బదులు మహాకాయుడు ఒక్కడు, గుఱ్ఱములకు బదులు మృగములనెక్కిన వీరులు ముగ్గురు, కాలిబంట్లు అయిదుగురు. నాయకునికి పది పాయింట్లు, మహాకాయునికి పది, ఒక్కొక్క వాహనవీరునికి నాలుగు, ఒక్కొక్క బంటునకు రెండు అని విలువ కట్టుదము. మొత్తము నలువదిరెండు. ఎదుటివాడు నాయకుడు లేకుండ ఇరువదియొక్క బంట్లను దింపినను లెక్క సమమే. పులిజూదమునాటి తూకము ఇక్కడ అంకెలలో కనబడుచున్నది.

రణభూమిని ధనమిచ్చి కొననక్కఱలేదు. సీసామూతలు బొమ్మల పీఠములగును. వానిపై జిగురు పూసి మాండవ్య నది ఇసుకను చల్లినచో నేల సిద్ధము. తుమ్మపుల్లలు ఎండిన చెట్లు. గుండ్రని గులకరాళ్లు మన సీమ గుండ్లకొండలకు నమూనాలు. గువ్వలచెరువు పాలకోవా పెట్టె అట్టను కత్తిరించి గుఱ్ఱముకొండ దుర్గపు గోడను కట్టవచ్చును. చుట్టునున్న కొండలను ఒకసారి శ్రద్ధగా చూచి వచ్చినవాడే ఆ రాళ్లకు సరియైన రంగు వేయగలడు. బూడిదవన్నె యనుకొన్న బండపై గోధుమవన్నె, గులాబివన్నె, నలుపు చారలు ఎన్ని యున్నవో అప్పుడు తెలియును.

ఆటలో శత్రువులను చంపుటయే లక్ష్యము కానక్కఱలేదు. బల్ల నడుమ ఒక చిన్న చెఱువును గీయుడు. ఆఱు ఆవృత్తులు ముగియునప్పటికి చెఱువు కట్టపై ఎవరి బొమ్మలు ఎక్కువ నిలుచునో వారిదే గెలుపు అని నియమము పెట్టుడు. అప్పుడు ఆటగాడు కనబడిన ప్రతివానిమీదికి దుముకడు. ఎవరిని కట్టపై నిలుపవలెను, ఎవరిని దారి కాయుటకు ఉంచవలెను అని ఆలోచించును. నీటి విలువ యెఱిగిన సీమలోని పిల్లలకు ఈ నియమమును వివరించి చెప్పనక్కఱలేదు.

చిన్న సేనయే ఎందుకు మేలు? దినమునకు ఒక్క బొమ్మ చొప్పున చేసినచో పత్తి పది దినములలో ముగియును. అదే చొప్పున అక్షౌహిణిని చేయుటకు దాదాపు 600 సంవత్సరములు పట్టును. ఈ వినోదమున దిగిన అనేకులకు ఇదియే చిక్కు. పెట్టెమీద పెట్టె కొని తెచ్చుకొందురు. చట్రములు విప్పకుండనే దుమ్ము పట్టిపోవును. అతికింపని వెయ్యి బొమ్మలకంటె ముగించిన పది బొమ్మలు మేలు. వర్షము తక్కువైన నేలలో రైతు తన బావినీరు ఎంత మడికి చాలునో అంత మడినే నాటును. తన కాలమునకు, తన ధనమునకు తగిన సేనను ఎన్నుకొనుటయు అట్టి వివేకమే.

మఱియొక కారణము ఇంతకంటె ముఖ్యమైనది. పదిమందియే యున్నప్పుడు ప్రతి బొమ్మకును ఒక మొగ ముండును. ఈతని డాలుమీది పువ్వును చెరిపి మూడుసార్లు దిద్దితినని, ఆతని విఱిగిన బల్లెమును మరల అతికితినని చేసినవానికి జ్ఞాపక ముండును. అట్టి బొమ్మ ఆటలో పడిపోయినప్పుడు అతడు దానిని పట్టించుకొనక ప్రక్కకు త్రోయడు. మెల్లగా ఎత్తి పెట్టెలో పెట్టును. చేతితో చేసినదానిని ఎవరును తేలికగా వ్యర్థము చేయరు.

వెల్స్ తన పుస్తకపు చివరి భాగమున ఇట్టి సంగతినే తలపెట్టెను. బల్లమీది యుద్ధమునే సరిగా నడుపుట ఇంత కష్టమైనప్పుడు నిజమైన మహాయుద్ధము ఎంతటి అవివేకమై యుండునో ఈ ఆట తెలుపునని అతని అభిప్రాయము. ఆ పుస్తకము వెలువడిన మఱుసటి యేడు, 1914లో, మొదటి ప్రపంచయుద్ధము ఆరంభమయ్యెను. మన దేశమునుండి పది లక్షలకు పైబడిన సైనికులు సముద్రములు దాటి పోయిరి. 70 వేలకు పైగా భారతీయ సైనికులు ఆ యుద్ధమున మరణించిరి. సేనాపతుల పటములమీద వారు అంకెలే. వారి ఇండ్లలో మాత్రము ఒక్కొక్కడు ఒక కొడుకు, ఒక అన్న, ఒక తండ్రి.

బల్లమీది సేన పడిపోయినను మరుసటి సాయంకాలము మరల లేచి నిలుచును. నిజమైన సేనకు ఆ భాగ్యము లేదు. ఈ భేదమును మనసున నిలుపుకొని ఆడినవానికి బొమ్మలాట ఓర్పును, పనితనమును, న్యాయబుద్ధిని నేర్పును. అంతకుమించి, అక్షౌహిణి అను పెద్దమాట విన్నప్పుడెల్ల అందలి ఒక్కొక్క మనుష్యుని తలచుకొనుటను కూడ నేర్పును.

అభ్యాసము

1. 'పత్తి' యనగా నేమి? అది ఏయే మెట్లమీదుగా అక్షౌహిణి యగునో చెప్పుడు.
2. పులిజూదమున మూడు పులులకును పదునైదు మేకలకును పోరు ఎట్లు సమమగును?
3. కొండపల్లి బొమ్మకును ప్లాస్టిక్ కిట్ బొమ్మకును గల పోలికలను వ్రాయుడు.
4. బొమ్మకు రంగులు వేయుటలోని మూడు మెట్లను వివరింపుడు.
5. నలువదిరెండు పాయింట్లకు మించకుండ మీ ఊరి కథనుండి ఒక సేనను కూర్చి, ఒక్కొక్క యోధుని గూర్చి ఒక్కొక్క వాక్యము వ్రాయుడు.
6. చిన్న సేన మేలని చెప్పుటకు ఈ పాఠమున చూపిన రెండు కారణము లెవ్వి? వానిలో మీకు ఏది ముఖ్యముగా తోచినది? ఏల?